ఊపిరాడేంత వదులు

మధ్యాహ్నం రెండు కాగానే నర్సమ్మ ముందు గదిలో బల్లని గోడకి జరిపి, కిటికీ కింద చాప వేసి, దాని మీద బొంత పరుస్తుంది. అక్క కత్తెర డబ్బా పట్టుకుని వస్తుంది. వదిన ఉత్త చేతులతో వస్తుంది, కానీ గుమ్మంలో చెప్పులు విప్పేలోపే రెండు కబుర్లు చెప్పేస్తుంది.

"సూది మరిచిపోతావు గానీ నోరు మాత్రం ఒక్కరోజూ మరిచిపోవు కదే," అంటుంది నర్సమ్మ.

"నోరు మరిచిపోయి వస్తే మీకు పొద్దుపోతుందా నర్సమ్మత్తా?"

నర్సమ్మ ముప్పై ఏళ్ళు ఆపరేషన్ గదిలో పనిచేసింది. మనుషుల్ని కుట్టిన చేయి కాబట్టి ముడి పైకి కనపడనివ్వదు, దారం వృథా పోనివ్వదు. ఇల్లు ఆమెదే, బొంత ఆలోచనా ఆమెదే. అక్కని ఆ వీధిలో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అక్క అనే పిలుస్తారు. ఇంట్లోనే చిరుగులు కుట్టి, జిప్పులు మార్చి బతుకుతుంది. వదిన, వీధి చివర చొక్కాల ఫ్యాక్టరీ వాచ్‌మన్ భార్య. ముగ్గురూ పొద్దంతా ఎవరి చాకిరీ వాళ్ళు చేసుకుని, ఆ మూడు గంటలు మాత్రం ఎవరూ చెప్పని, ఎవరూ లెక్కపెట్టని, ఎవరూ కొనని పని చేస్తారు. లోకంలో ఇంకా అలాంటి పని మిగిలి ఉందంటే యజమానులకి దాని సంగతి తెలియకపోవడమే కారణం.

పాత బట్టల ముక్కలన్నీ చదరంగా కత్తిరించి అస్తరు మీద పెట్టి కుడతారు. డిజైను మాత్రం గీసుకోరు. గీసుకుని లాభం లేదు, ముక్కలు కదులుతాయి. ఏ ముక్కని ఏ మనిషి తొడుక్కున్నాడో, ఆ మనిషి ఎవర్ని తలుచుకుంటుంటే వాళ్ళ ముక్క పక్కకి, కుట్లతో సహా, నత్తలా జరుగుతుంది. చూస్తూ కూర్చుంటే తెలియదు. టీ తాగి కప్పు కింద పెట్టేసరికి జానెడు జరిగి ఉంటుంది. చనిపోయినవాళ్ళ ముక్కలు ఎక్కడ కుడితే అక్కడే ఉంటాయి. నర్సమ్మ భర్త చారల పైజామా ముక్క ఒక మూలన ఉంది, ఏడేళ్ళుగా అక్కడే. నర్సమ్మ తెల్ల ఏప్రాన్ ముక్క మాత్రం రోజూ సాయంత్రం ఆ మూలకి వెళ్ళి, మర్నాటికి మళ్ళీ మధ్యకి వచ్చేస్తుంది.

"పోయినాయన దగ్గర ఇప్పుడైనా కాసేపు కూర్చోవచ్చు కదా, అలా వెళ్ళి ఇలా రావడం ఎందుకు?" అని వదిన ఏడిపిస్తుంది.

"ఆయన గురక పెడతాడే," అంటుంది నర్సమ్మ, దారం కొరుకుతూ.

వదిన మొగుడి ఖాకీ ముక్క అయితే నవ్వుల పాలు. బొంతలో ఒక పసుప్పచ్చ దిండు గలీబు ముక్క ఉంది, ఎవరూ తొడుక్కున్నది కాదు. ఖాకీ ఎప్పుడు చూసినా దాని పక్కనే. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, తన ఆకుపచ్చ గౌను ముక్క పక్కకి అది ఒక్కసారి వచ్చింది, అదీ జీతాల రోజున, అని వదిన అందరికీ చెప్పుకుంటుంది. పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడే మనిషికి నిద్ర కంటే ప్రియమైనది ఏముంటుంది? ఆ మాట మాత్రం వదిన నవ్వుతూ అనదు.

ఒకే ఒక్క నియమం ఉంది. ఎవరి ముక్కని వాళ్ళ సొంత మనిషే కుట్టాలి, అదీ వదులుగా. "ఊపిరాడేంత వదులు," అని నర్సమ్మ చెబుతుంది. "గాయాన్ని మరీ బిగించి కుడితే లోపల చీము పడుతుంది. బట్టకీ అంతే."

బొంత నడిమధ్యలో ఒక గడి ఖాళీగా ఉండేది. తెల్ల అస్తరు కనపడేది. అది తొందరది.

తొందర అంటే అక్క చెల్లెలు. నెలలు నిండకుండానే పుట్టింది, నడక కంటే ముందు పరుగు నేర్చింది, అందుకే ఆ పేరు. ఇరవై మూడేళ్ళది. అమ్మా నాన్నా పోయాక అక్కే పెంచింది. చొక్కాల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో కాలర్లు కుట్టేది, గంటకి ఎనభై. అందరూ డెబ్బై కుట్టేవాళ్ళు. తను ఎనభై కుడుతోందని చూసి మేనేజరు అందరికీ ఎనభై చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి తొందర అన్నం తినలేదు. "నా తొందర వాళ్ళందరి మెడకీ కాలరై పడింది అక్కా," అంది.

ఆదివారం మాత్రం ఆమె కూడా బొంత దగ్గరికి వచ్చేది. మిషను మీద నిమిషానికి మూడు వేల కుట్లు వేసే పిల్ల, చేత్తో ఒక్కో కుట్టూ వేస్తుంటే నిద్రలో నడుస్తున్నట్టుండేది. "ఇది నాకు సెలవు," అనేది. కానీ తన బట్ట ముక్క మాత్రం ఇవ్వలేదు. "నా బట్టలింకా చిరగలేదు. నన్నప్పుడే పాత గుడ్డల్లో కలిపేస్తారా? ఆ మధ్య గడి నాది. ఎవరూ కూర్చోకండి."

ఆ రోజు పొద్దున, అక్క ఆమెని గుమ్మంలో ఆపింది. "ఫ్యాక్టరీ ఎదురు షాపులో పొట్టి సూదులు దొరుకుతాయి చూడు, సన్న కన్నువి. సాయంత్రం ఒక పొట్లం తే."

"సాయంత్రానికి వాడు మూసేస్తాడు. మధ్యలో చూస్తాలే," అని తొందర మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయింది. ఆకాశం రంగు చొక్కా ఒకటి మేకుకి వేలాడుతోంది, ముందురోజు ఉతికినది.

పన్నెండుంపావుకి ఫ్యాక్టరీ అంటుకుంది.

గోడ మీద "మనమంతా ఒకే కుటుంబం" అని రాసుకున్న ఫ్యాక్టరీ అది. మూడో అంతస్తు మెట్ల తలుపు తెరుచుకోలేదు. వేడికి బిగుసుకుపోయిందని యాజమాన్యం చెప్పింది. ఇరవై మందిని దుప్పట్లలో చుట్టి కిందికి దించారు. పంతొమ్మిది మందిని గాజుల్నిబట్టి, పళ్ళనిబట్టి, బెల్టునిబట్టి గుర్తుపట్టారు. ఇరవయ్యో మనిషి దగ్గర గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు. పరీక్షకి పంపితే ఆడమనిషి అని తప్ప బూడిద ఇంకేమీ చెప్పడం లేదని కాగితం తిరిగొచ్చింది. గేటు రిజిస్టరులో మాత్రం తొందర పేరుకి ఎదురుగా రాసి ఉంది: బయటికి, పదకొండు నలభై. లోపలికి అన్న గడి ఖాళీ.

కాబట్టి ఆమె లోపల లేదు. కాబట్టి ఆమె చనిపోలేదు. మనిషి కంటే రిజిస్టరు గొప్పదైన కాలంలో ఇంతకంటే రుజువు ఎవరికి కావాలి? వీధంతా ఒక మాటే అనుకుంది: పిల్ల ఎవడితోనో లేచిపోయింది, మంట దానికి కలిసొచ్చింది.

విచిత్రం ఏమిటంటే, ఆ మాటని అందరికంటే గట్టిగా పట్టుకున్నది అక్కే. కొళాయి దగ్గర ఒకావిడ మొహం మీదే అడిగింది.

"దారం కండెల వ్యానువాడితోనట కదా?"

"వ్యానువాడే అనుకోండి," అంది అక్క బిందె ఎత్తుకుంటూ. "ఎవడైతేనేం? లేచిపోవాలన్నా ముందు బతికుండాలి కదా."

సూదుల కోసం బయటికి వెళ్ళి ఉంటుంది, అక్కడ్నుంచి అటే పోయి ఉంటుంది, ఏదో ఒక రోజు ఉత్తరం రాస్తుంది. అక్క ఇలా అల్లుకుంది. రాత్రి భోజనానికి రెండు కంచాలు తీసేది, ఒకటి మళ్ళీ లోపల పెట్టేది. కంపెనీ తన తప్పు కప్పుకోవడానికి ఆడిన అబద్ధం ఒక ఆడదానికి చెల్లెల్ని తిరిగిచ్చింది. అబద్ధం ఆడేవాళ్ళకి ఇంత దయ చేశామని కూడా తెలియదు.

నాలుగు వారాల్లో పక్క భవనంలో మిషన్లు మళ్ళీ తిరిగాయి. కాలిన భవనం చుట్టూ రేకులు కట్టి, దాని గేటుకి వదిన మొగుణ్ణే కాపలా పెట్టారు. బూడిదకి కూడా వాచ్‌మన్ కావాలి, లోపల ఏముందో ఎవరైనా చూస్తే కష్టం. ఆయన కుడి అరచేయి కాలింది. మెట్ల తలుపు గుంజబోయానని చెప్పాడు. నర్సమ్మే రోజూ కట్టు కట్టింది. గాయం గుండ్రంగా, మధ్యలో చిన్న సందుతో ఉంది. నర్సమ్మ దాన్ని చాలాసేపు చూసి కట్టు మార్చింది.

బొంత పని ఆగలేదు. అయితే రెండు ముక్కలు తేడాగా తిరుగుతున్నాయి. అక్క పూల గౌను ముక్క వెళ్ళి ఆ ఖాళీ గడి అంచున ఆగిపోయింది. అది అందరికీ అర్థమయ్యేదే. కానీ ఖాకీ కూడా దిండు గలీబుని వదిలేసి వచ్చి, అదే గడికి ఇటుపక్క ఆగింది.

"మా ఆయనకి ఏమైందో," అంది వదిన ఒకరోజు, అంతా చూస్తుంటే దాచలేక. "రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటాడు. ఏమిటయ్యా అంటే దోమలంటాడు. దోమతెర లోపల కూర్చుని దోమలంటాడు!"

"ఇరవై మంది పోయిన చోట కాపలా కాస్తున్నాడు. నిద్రెలా పడుతుందే?" అంది నర్సమ్మ.

"ఇరవై మంది ముక్కలూ ఈ బొంతలో లేవుగా అత్తా. మరి ఇక్కడికొచ్చి ఎందుకు ఆగినట్టు?"

అక్క తల ఎత్తలేదు. వదిన మాట మార్చడానికి తన సూదుల పొట్లం తీసింది. "ఇవి చూడండి, పొట్టివి, సన్న కన్నువి, వెన్నలో దిగినట్టు దిగుతున్నాయి. మా ఆయన తెచ్చాడు. పద్దెనిమిదేళ్ళకి మొదటి బహుమతి. బంగారం తెస్తాడనుకుంటే ఇనుము తెచ్చాడు."

అక్క ఒకటి తీసుకుని వెలుగులో చూసింది. అవి ఆ ఒక్క షాపులోనే దొరుకుతాయి. మంచి సూదులు, అంది. దారం ఎక్కించుకుంది.

మూడో నెలలో అక్కకి కాగితం వచ్చింది. విచారణ ముగుస్తోంది, చనిపోయినవాళ్ళ జాబితా పదిహేనో తారీఖున మూసేస్తారు, ఆ తర్వాత ఒక్క పేరూ చేర్చరు. ఇరవయ్యో సమాధి మీద రాయి వేస్తారు. రాయి మీద ఏం రాయాలో తేలకపోతే ఏమీ రాయరు.

అక్క ఆఫీసుకి వెళ్ళింది. జాబితా గోడకి అతికించి ఉంది. పంతొమ్మిది పేర్లు, కింద "గుర్తు తెలియని స్త్రీ". గుమాస్తా చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. ఫైలు తెరిచి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ చెల్లెలే అంటారా?"

"కాదు," అంది అక్క. "మా చెల్లెలు బయటికి వెళ్ళింది. మీ రిజిస్టరులోనే ఉంది."

"మరి ఎందుకొచ్చారమ్మా?"

అక్క గోడ మీద కాగితం వైపు చూసింది. "ఆ గుర్తు తెలియని అమ్మాయికి ఎవరూ రాలేదా?"

"ఎవరూ రాలేదు. పనిలో చేరిన అందరి ఇళ్ళకీ ఉత్తరాలు పంపాం. లెక్కలో తేలనిది మీ చెల్లెలొక్కతే." గుమాస్తా గొంతు తగ్గించాడు. "మీ ఇంట్లో బొంత ఉందా? ఆమె బట్ట ముక్క ఏదైనా కుట్టి చూడండి. కదలకపోతే బంధువు తరఫున అది సరిపోతుంది, ముందు కూడా రెండు కేసుల్లో రాసుకున్నాం. కానీ ముక్క పోయిందనే చెబుతుంది, ఎక్కడ పోయిందో చెప్పదు. పదకొండు నలభై తర్వాత లోపల చూశామని చెప్పే మనిషి ఒకరు కావాలి."

"చూసినవాళ్ళంతా ఆ జాబితాలోనే ఉన్నారు," అంది అక్క.

గుమాస్తా ఫైలు మూశాడు. "పదిహేను దాకా టైముంది," అన్నాడు.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం అక్క ఆకాశం రంగు చొక్కా తెచ్చింది. మేకు మీద మూడు నెలలు వేలాడి భుజం దగ్గర దాని ఆకారం తేలింది. కత్తెరతో వీపు మీద చదరంగా కోసింది. కోస్తున్నప్పుడు వదిన మొహం పక్కకి తిప్పుకుంది. అక్క ఆ ముక్కని ఖాళీ గడిలో పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. పని చాలాసేపు పట్టింది. అయ్యాక చూసి నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

రెండు పోగుల దారం. దగ్గర దగ్గరగా, గింజ పట్టనంత దగ్గరగా కుట్లు. చుట్టూ రెండు వరసలు, మళ్ళీ మూల నుంచి మూలకి అడ్డంగా రెండు. బట్ట డప్పు తోలులా బిగిసింది.

"ఇదేం కుట్టే?"

"ఊడిపోకుండా," అంది అక్క.

"కదలకుండా అను."

అక్క మిగిలిన దారాన్ని కండెకి చుట్టింది.

"ఇంత బిగించి కుడితే బతికున్న ముక్క కూడా కదలదు. అప్పుడు కదలకపోయినా నీకు భయం లేదు, కుట్టు గట్టిగా ఉందిలే అనుకోవచ్చు. అంతేగా?" నర్సమ్మ గొంతు పెరగలేదు, ఆపరేషన్ గదిలో ఎప్పుడూ పెరగని గొంతు అది. "ఇది కుట్టు కాదే పిల్లా. తాళం. తలుపు వెనకాల ఎవరున్నారో చూడక్కర్లేకుండా వేసే తాళం."

అక్క లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

ఆ రెండు రోజులూ ఆమె ఇంట్లో కూర్చుని ఎవరివో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టింది. ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. ముక్క విప్పకపోతే చెల్లెలు ఎక్కడో వ్యానులో, ఎవరి పక్కనో నవ్వుతూ ఉంటుంది. ఎప్పటికీ ఉంటుంది. పదిహేను దాటాక ఇక ఎవరూ ఏమీ అడగరు. అక్కడ ఒక రాయి మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. ఆ రాయి కింద ఉన్నది ఎవరి పిల్లో అయితే, వాళ్ళ అక్క ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న దగ్గర అక్క చేయి ఆగేది. మళ్ళీ కుట్టేది. మళ్ళీ అక్కడే ఆగేది.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం రెండింటికి వచ్చి, ఎవర్నీ పలకరించకుండా చాప మీద కూర్చుంది. చిన్న కత్తెర తీసింది. ఒక్కో కుట్టూ కత్తిరించి, ఒక్కో పోగూ లాగి పక్కన పెట్టింది. గంటసేపు పట్టింది. వదిన మొదటిసారి నోరు లేకుండా వచ్చినట్టు కూర్చుంది. అన్నీ విప్పాక నర్సమ్మ చేయి చాచి బట్ట మీద సూదులు చేసిన బెజ్జాలని గోటితో రాసి సరిచేసింది.

"ఇప్పుడు కుట్టు. ఊపిరాడేంత వదులు."

అక్క ఒక్క పోగుతో, పెద్ద పెద్ద కుట్లతో, నాలుగు వైపులా కుట్టింది. ముడి వేసింది. నర్సమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది. ముగ్గురూ బొంతకి వీపు తిప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ తాగారు. ఎదురింటి మీద ఎవరో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు. నీళ్ళు గోడ మీదుగా కారుతున్నాయి. టీ అయిపోయింది. అక్క కప్పు కింద పెట్టలేదు. నర్సమ్మే ఆమె చేతిలోంచి తీసుకుంది.

తిరిగారు.

ఆకాశం రంగు ముక్క ఎక్కడ కుట్టారో అక్కడే ఉంది.

అక్క పూల ముక్క దాన్ని ఆనుకుని ఉంది. అవతలి పక్క ఖాకీ ఉంది. పక్కన మాత్రమే కాదు, ఒక మూల నీలం మీదికి ఎక్కి ఉంది, చేయి అడ్డం పెట్టినట్టు. అంత దూరం, అంత వేగంగా జరిగిన ముక్కని వాళ్ళెప్పుడూ చూడలేదు.

అక్క ఏడవలేదు. నీలం మీద అరచేయి ఆనించి, "తొందరా," అంది మెల్లగా, పొద్దున్నే లేపుతున్నట్టు. "తొందరా." నర్సమ్మ ఆమె తలని తన ఒళ్ళోకి లాక్కుంది.

వదిన మాట వినపడింది. అది ఆమె గొంతులా లేదు. "సూదులు ఆ రోజువే."

"ఏమిటే?"

"నేను ఉతకబోతుంటే మా ఆయన చొక్కా జేబులో దొరికాయి. కాలిన చేత్తో వచ్చిన రోజు. ఎవరిచ్చారంటే నీకేలే అన్నాడు. ఆయనకి సూదులెందుకు తోస్తాయి అత్తా? ఆయనకి నా చెప్పుల సైజు కూడా తెలియదు." వదిన పొట్లం తీసి చాప మీద పెట్టింది, వేడిగా ఉన్నట్టు. "మూడు నెలలుగా వీటితోనే కుడుతున్నాను."

అక్క తల ఎత్తి పొట్లం వైపు చూసింది. ఆ పొద్దున తను గుమ్మంలో అడిగిన సూదులు. వాటితోనే చెల్లెలి ముక్క కుట్టింది, బిగించింది, మళ్ళీ కుట్టింది.

వదిన పొట్లం మళ్ళీ పిడికిట్లోకి తీసుకుని, చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వెళ్ళింది.

వాచ్‌మన్ అప్పుడే డ్యూటీ మారి ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు, పడుకోలేదు. భార్య గుమ్మంలోనే నిలబడింది.

"ఆ పిల్ల లోపలికి వచ్చిందా?"

ఆయన ఏ పిల్ల అని అడగలేదు. కాలిన అరచేయి తిప్పి చూసుకున్నాడు.

"పదకొండు యాభై ఐదుకి," అన్నాడు. "పరిగెత్తుకుంటూ వచ్చింది. పని మధ్యలో వెళ్ళి లోపలికి వచ్చినట్టు రాస్తే సగం రోజు జీతం కట్. అన్నయ్యా, రాయొద్దు, ఈ ఒక్కసారికి, అంది. సరేలే పో, బయటికన్నది కూడా సాయంత్రం కొట్టేస్తాలే అన్నాను. రెండు పొట్లాలు కొన్నట్టుంది, ఒకటి నా జేబులో వేసి, వదినకివ్వండి, బంగారం అని చెప్పి ఇవ్వండి అని నవ్వింది. పైకెళ్ళింది. నేను మెట్ల తలుపుకి తాళం వేశాను."

"వేడికి బిగుసుకుందన్నారుగా?"

"ప్రతి మనిషీ ఎక్కాక తాళం వేయాలి. చొక్కాలు ఎత్తుకుపోతారట. మేనేజరు ఆర్డరు." ఆయన అరచేయి ఒళ్ళో బోర్లించాడు. "పొగ చూసి తాళంచెవి తీసుకుని పరిగెత్తాను. మేనేజరు అడ్డమొచ్చి ముందు లారీ గేటు తీయమన్నాడు, సరుకు పోతుందని. తీశాను. ఎందుకు తీశానో తెలియదు. ఇరవై ఏళ్ళుగా తీయమంటే తీస్తున్నా, వేయమంటే వేస్తున్నా. తిరిగొచ్చేసరికి తాళం ఎర్రగా కాలిపోయి పట్టుకోవడానికి లేదు."

"మూడు నెలలు ఆ అక్క ఎదురుగా కూర్చుని నేను జోకులేశాను."

"చెబితే ఉద్యోగం పోతుంది. లోపలేస్తారు. నీకెవరున్నారు?"

"నాకు వాళ్ళిద్దరే ఉన్నారు," అంది వదిన.

మర్నాడు పదిహేనో తారీఖు. ఆఫీసు తెరిచేసరికి వాచ్‌మన్ ఉతికిన ఖాకీ వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాస్త దూరంలో అక్క, నర్సమ్మ, వాళ్ళ మధ్య మడత పెట్టిన బొంత. గుమాస్తా బొంత విప్పి చూశాడు. తన బల్ల మీద పరిచి, ఓ ఫైలు రాయడం ముగించి, మళ్ళీ చూశాడు. నీలం కదల్లేదు. కదలిక అన్న గడిలో సున్నా చుట్టాడు. తర్వాత వాచ్‌మన్ చెప్పినదంతా రాసుకున్నాడు. తాళం అన్న మాట దగ్గర కలం ఆపి, "ఇది ఎక్కడ రాయాలి? తాళానికి గడి లేదు," అన్నాడు.

"పక్కన రాయండి," అంది నర్సమ్మ. "జాగా ఉంది."

"పేరు?" అని అడిగాడు అక్కని.

అక్క చెప్పింది. అది పుట్టినప్పుడు అమ్మ పెట్టిన పొడుగు పేరు, ఇరవై మూడేళ్ళలో ఎవరూ పూర్తిగా పిలవలేదు, ఆ పిల్ల ఆగితే కదా పిలవడానికి. గుమాస్తా "గుర్తు తెలియని స్త్రీ" కొట్టేసి పైన రాశాడు. గడిలో పట్టలేదు. అంచు దాటింది. అలాగే ఉండనిచ్చాడు.

మధ్యాహ్నానికి ఇద్దరు పోలీసులు వచ్చి వాచ్‌మన్‌ని తీసుకెళ్ళారు. తాళం వేసిన చేయి లోపలికి పోయింది. వేయమన్న నోరు అదే వారం ఇంకో ఊళ్ళో ఇంకో ఫ్యాక్టరీకి రిబ్బను కత్తిరించింది. చరిత్రని చేతులు నడిపిస్తాయని గోడల మీద రాస్తారు. శిక్ష పడేటప్పుడు కూడా చేతులే ముందుకొస్తాయని ఏ గోడ మీదా రాయరు.

వారం రోజులు వదిన బొంత దగ్గరికి రాలేదు. ఎనిమిదో రోజు రెండు గంటలకి ఆమె తలుపు ఎవరో కొట్టారు. తీస్తే అక్క, చేతిలో వదిన మరిచిపోయిన చెప్పులు.

వదిన తలుపు పట్టుకునే నిలబడింది. "ఏ మొహంతో రమ్మంటావు?"

"మొహం అక్కర్లేదు, నోరుంటే చాలు. నర్సమ్మత్త నిన్నంతా మౌనంగా కుట్టింది, నాకు భయమేసింది." అక్క చెప్పులు గుమ్మంలో పెట్టింది. "ఆవిడ లావు సూదులు నా వల్ల కావడం లేదు వదినా. పొట్లం తీసుకురా."

నర్సమ్మ ముందు గదిలో బొంత పరిచి ఉంది. నీలం ముక్క నడుమ, దాని పక్కన పూల ముక్క, తెల్ల ఏప్రాన్ ముక్క. ఖాకీ అక్కడ లేదు. వదిన చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. అటు చివర, పసుప్పచ్చ దిండు గలీబుని ఆనుకుని, అంచు ముడుచుకుని ఉంది.

వదిన దాన్ని ముట్టుకోలేదు. కళ్ళు నీళ్ళతో నిండిపోతుంటే మోచేత్తో తుడుచుకుంది.

"పడుకున్నాడు," అంది, మెల్లగా, లేస్తాడేమోనన్నట్టు.

అక్క పొట్లంలోంచి ఒక సూది తీసి దారం ఎక్కించి ఆమె చేతికిచ్చింది.